లూసీ గారి గులాబీ టోపీ

నవంబరు ఇరవై రెండు, శనివారం. ఆ పొద్దున తను తిన్నవి గోంగూర పచ్చడి పూసి చుట్టిన చపాతీలని జూడ్‌కి ఇప్పటికీ గుర్తే. తిన్నది ఇంట్లో కాదు. విస్కాన్సిన్ అడవిలో, ఓక్ చెట్టుకి బిగించిన మంచె మీద కాళ్ళు వేలాడేసుకుని.

వేటకి వెళ్ళేవాడు వాసన లేని సబ్బుతో స్నానం చేయాలి, వాసన లేని తిండి తినాలి అంటాడు వాల్ట్. జూడ్ చిన్నప్పటినుంచీ పక్కింట్లో ఉన్న పాడి రైతు, అతనికి వేట నేర్పిన పెద్దాయన. జూడ్ వాళ్ళ అమ్మేమో, "చలిలో ఖాళీ కడుపుతో కూర్చుంటావట్రా!" అని రాత్రే డబ్బా కట్టి ఉంచుతుంది. పెద్దవాళ్ళిద్దరి మాటా తీసెయ్యలేక జూడ్ వాసన లేని సబ్బుతో శుభ్రంగా స్నానం చేసి, వెళ్ళి గోంగూర తింటాడు.

మిగతా ఏడాదంతా అతను నేపర్‌విల్‌లో ఒక హాస్పిటల్‌లో కంప్యూటర్ల పని చూసుకునే ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రాడు. అరోరాలో అద్దె అపార్ట్‌మెంట్. జింకల సీజన్ వచ్చిందంటే మాత్రం సెలవు పెట్టి, అమ్మానాన్నల దగ్గరికి, వాళ్ళింటికి అరగంట దూరంలో ఉన్న ఈ అడవి దగ్గరికి వచ్చేస్తాడు.

ఆ రోజు సీజన్‌కి మొదటి రోజు. పొగమంచు చెట్ల మధ్య పాలలా పారుతోంది. దూరంగా ఎక్కడో తుపాకి పేలితే ఆ చప్పుడు మంచులో మెత్తబడి, ఎవరో దుప్పటి దులిపినట్టు వినిపిస్తోంది. జూడ్ నిజానికి ఈ అడవికి వచ్చేది జింక కోసం కన్నా ఈ గంట కోసమే. అమ్మకి చెప్తే నవ్వుతుందని చెప్పడు.

కాసేపటికి ఆ చప్పుళ్ళు ఆగిపోయాయి. కొండంతా చెవులు రిక్కించినట్టు నిశ్శబ్దం. ఎందుకో అతనికి అర్థం కాలేదు.

అప్పుడే, కింద బాట పక్కన పొదల్లో ఏదో తెల్లగా మెరిసింది.

ఈ అడవిలో జింకలకి తోక అడుగు తెల్లన. ఒళ్ళంతా గోధుమ రంగు, వెనక తెల్లటి మెరుపు. వేటగాడి కంటికి ముందు ఆనేది ఆ మెరుపే. జూడ్ చెయ్యి తుపాకి వైపు కాదు, మెడలో ఉన్న బైనాక్యులర్స్ వైపు వెళ్ళింది. ముందు బైనాక్యులర్స్, తర్వాతే తుపాకి. వాల్ట్ నేర్పిన మొదటి పాఠం అది.

గోధుమ రంగు కోటు. కోటు కింద తెల్లటి కుచ్చిళ్ళు.

చీర!

దానితోపాటే సన్నగా ఒక పాట. తెలుగు పాట. చర్చిలో ముసలమ్మలు కళ్ళు మూసుకుని పాడుకునే రకం.

ఈ కొండ మీద ఇంకా ఎంతమంది మంచెల మీద ఉన్నారో. వాళ్ళందరికీ వాల్ట్ లాంటివాడు నేర్పి ఉండకపోవచ్చు.

"ఆగండి! అక్కడే ఆగిపోండి!" అని గొంతు చించుకుని అరిచాడు.

పాట ఆగిపోయింది.

"నాన్నా, చెట్టు మాట్లాడింది. అదీ తెలుగులో!" అంది చీరలో ఉన్న అమ్మాయి.

"చెట్టు కాదమ్మా, మనవాడెవడో పైనున్నాడు. గోంగూర వాసన రావట్లా?" అన్నాడు ఆమె వెనక చేతికర్ర ఆనించుకుని నిలబడ్డ పెద్దాయన.

జూడ్ తుపాకిలో గుళ్ళు తీసేసి, తాడుకి కట్టి కిందకి దించి, తను నిచ్చెన దిగాడు. దిగేసరికి ఆ అమ్మాయి నడుం మీద చేతులు వేసుకుని సిద్ధంగా ఉంది. చలికి ముక్కు ఎర్రబడింది. కళ్ళలో మాత్రం చలి లేదు.

"ఆర్ యూ క్రేజీ? అలా అరిస్తే మా నాన్న పడిపోతే? మోకాళ్ళు అసలే బాలేవు ఆయనకి."

"అరవకపోతే ఇంకేదో అయ్యేదండి. ఇవాళ ఏ రోజో తెలుసా మీకు?"

"మీకన్నా బాగా తెలుసు ఏ రోజో!"

"గన్ సీజన్ మొదటి రోజు. గోధుమ రంగు కోటు, కింద తెల్ల చీర. ఈ రోజున అడవిలోకి ఇలా రావడమంటే జింక వేషం వేసుకుని వచ్చినట్టే."

"నాదా వేషం? మీరేంటి మరి? నెత్తి నించి నడుం దాకా బత్తాయి పండులా తయారై చెట్టెక్కి కూర్చున్నారు! దిస్ ఈజ్ పబ్లిక్ ల్యాండ్. ఇది మా హైకింగ్ ట్రెయిల్."

"పబ్లిక్ కాబట్టే మాది కూడా. మిమ్మల్ని రావద్దనట్లేదండి, రంగు వేసుకుని రమ్మంటున్నా. నారింజో గులాబీయో, కనీసం ఒక టోపీ."

"గులాబీ టోపీయా!" ఆమె కోపంలోనే నవ్వింది. "అలాంటిదొకటి ఈ కోటు జేబులోనే ఉండేది. కళ్ళు పోయేంత గులాబీ. ఎవరిదో ఏమో, ఇంట్లో పడేసి వచ్చా. ఇది మా అమ్మ కోటు. ఈ కోటు ఒక్కటి మినహా మా అమ్మ తెలుపు తప్ప ఇంకో రంగు ముట్టుకోలేదు తెలుసా!"

అప్పుడే కొండ పైనుంచి ఢామ్మని ఒకటి, వెంటనే ఇంకొకటి. పెద్దాయన ఉలిక్కిపడి కూతురి భుజం పట్టుకున్నాడు.

"పైన చాలామంది ఉన్నారా బాబూ?"

"ఇవాళ కొండంతా వాళ్ళే అంకుల్. నేను మిమ్మల్ని కిందదాకా దింపుతాను."

జూడ్ తన నారింజ వెస్టు తీసి పెద్దాయనకి తొడిగాడు. టోపీ అమ్మాయికి ఇవ్వబోతే, "మీ చెమట టోపీ నాకేం వద్దు," అంది. తండ్రి ఒక చూపు చూశాక తీసుకుని పెట్టుకుంది. అది కనుబొమల దాకా దిగింది. బత్తాయి పండు ఇంత బాగుంటుందని జూడ్‌కి అంతవరకూ తెలియదు.

ఆ రంగు ఒంటి మీద లేకుండా వేటాడకూడదు. అంటే ఆ రోజుకి అతని వేట అయిపోయినట్టే. ఆ సంగతి అతను చెప్పలేదు. ఎందుకో దిగులు కూడా వేయలేదు.

పెద్దాయన నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి కొండ పైకి చూశాడు. మళ్ళీ నడిచాడు.

* * *

కార్లు ఆపిన చోట జూడ్ ఫ్లాస్కులో కాఫీ ముగ్గురికీ సరిపోయింది. పెద్దాయన పేరు కృపావరం. నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. నేపర్‌విల్ వెళ్ళకముందు పదేళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారట. అమ్మాయి పర్సిస్, ఫిజికల్ థెరపిస్టు.

"అప్పట్లో మా లూసీ రోజూ తెల్లారగానే ఈ కొండెక్కి ప్రార్థన చేసుకునేది. పైన చెరువు కనబడే చోట ఒక బండ ఉంది, దాని మీద కూర్చుని పాడుకునేది. నేను ల్యాబ్‌కి పరిగెత్తడం, ఈ పిల్ల కాలేజీ. ఒక్కతే వెళ్ళేది. నిరుడు ఇదే రోజు వెళ్ళిపోయింది బాబూ." కృపావరం గ్లాసు చుట్టూ వేళ్ళు చుట్టుకున్నాడు. "సాయంత్రం జ్ఞాపకార్థ కూడిక పెట్టారు చర్చివాళ్ళు. దానికన్నా ముందు ఆ బండ మీద కాసేపు కూర్చోవాలనిపించింది నాకు."

"డిసెంబరు మొదటి వారంలో రెండు మోకాళ్ళకీ సర్జరీ," అంది పర్సిస్, జూడ్ వైపు చూడకుండా. "తర్వాత కొండలూ రాళ్ళూ మర్చిపోవాలన్నాడు డాక్టర్. అందుకే అమ్మ చీర, అమ్మ కోటు... సరే, పదండి నాన్నా."

జూడ్ వెళ్ళి పెద్దాయన కోసం కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

కారెక్కబోతూ కృపావరం, "ఏ చర్చికి వెళ్తావు బాబూ?" అని అడిగాడు.

"అరోరాకి ఈ మధ్యే మారానండి. ఇంకా ఏదీ చూసుకోలేదు."

"అయితే రేపు మా చర్చికి రా. ఆరాధన అయ్యాక ప్రేమవిందు ఉంది."

"నాన్నా!" అంది పర్సిస్.

"భోజనానికి పిలిచానమ్మా. తుపాకి తెమ్మనలేదుగా."

* * *

జూడ్ తుపాకి తేలేదు. కూర తెచ్చాడు. ఖాళీ చేతులతో వెళ్ళకూడదని వాళ్ళమ్మ అల్లం వెల్లుల్లి దట్టించి వండి, పెద్ద ట్రేలో సర్ది ఇచ్చింది. వంటల బల్ల దగ్గర హడావిడిగా తిరుగుతున్న ఫెబీ ఆంటీ మూత తీసి, వాసన చూసి, "అబ్బ, ఏం మటన్!" అని తనే కాగితం ముక్క మీద మటన్ అని రాసి అంటించేసింది. జూడ్ నోరు తెరిచేలోగా పెరుగు గిన్నె పట్టుకుని ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

హాలు అవతల పర్సిస్ ఒక చేత్తో ప్లేటు, ఒక చేత్తో కాగితాల అట్ట పట్టుకుని తిరుగుతోంది. శనివారాల్లో అడవులు తిరిగే తెలుగు హైకర్స్ గుంపుకి ఆమే లీడర్. నవంబరులో ఆ కొండ మీద వేట మాన్పించాలని పార్కు వాళ్ళకి అర్జీ. సంతకాలు బాగానే పడుతున్నాయి. తినేవాళ్ళు కాదనరు.

జూడ్‌ని చూసి నేరుగా వచ్చింది. "వచ్చారా! సంతకం పెట్టండి."

"అది... ముందు మీకొక సంగతి చెప్పాలండి. ఆ కూర..."

"అది మీరు తెచ్చిందేనా? నాన్న చెప్పారు. సూపర్‌గా ఉంది. రెండోసారి వేసుకున్నా. మీ అమ్మగారిని రెసిపీ అడగాలి. ఎక్కడ కొన్నారు మటన్?"

"కొనలేదండి."

"మరి?"

"మటన్ కాదు."

"మరేంటి?"

జూడ్ మెడ వెనక గోక్కున్నాడు. "నిన్న మీరు వేసుకొచ్చిన వేషం."

పర్సిస్ నములుతున్నది ఆగింది. ప్లేటు వైపు చూసింది. అతని వైపు చూసింది. పక్కన కుర్చీలో కృపావరం తల వంచుకుని మరింత శ్రద్ధగా తింటున్నాడు.

"నాన్నా! మీకు తెలుసా?"

"మొదటి ముద్దకే తెలిసిందమ్మా. ఆ ఊళ్ళో పదేళ్ళున్నాం. చెప్తే తినవని ఊరుకున్నా."

పర్సిస్ నోట్లో ఉన్నది ఉమ్మలేదు, మింగలేదు. కాసేపటికి మింగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపానికో కారానికో తెలియలేదు.

"రేపు నేను ఆ జింకల మొహం ఎలా చూడాలి?"

"నేను ప్రతిసారీ చూస్తానండి," అన్నాడు జూడ్ మెల్లగా. "ఏడాదికి ఒక్కటే, ఇది నిరుటిది. సగం మేం తింటాం, సగం ఊళ్ళో అన్నదానం చేసేవాళ్ళకి ఇస్తాం. కొట్టిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టదు. పట్టకూడదంటాడు వాల్ట్."

ఆమె అట్ట ముందుకి చాపింది. "సంతకం."

"పెడతాను. మీరు నాతో ఒక చోటికి వస్తే. శుక్రవారం సాయంత్రం వేటగాళ్ళంతా వాల్ట్ షెడ్డులో కూడతారు. మర్నాడు ఎవరు ఎటు వెళ్ళాలో అనుకునేది అక్కడే. అంకుల్ కోసం ఒక్క పూట కొండ ఖాళీ చేయమని మీరే అడగండి. కాదంటే అక్కడే సంతకం పెట్టేస్తా."

"తుపాకులుండే చోటికా?"

"తుపాకులు బీరువాలో ఉంటాయి. బల్ల మీద చిక్కుడుగింజల సూపు ఉంటుంది."

"అందులో కూడా జింకేనా?"

"అడగకుండా తినడమే మంచిది."

ఆమె నవ్వకూడదనుకుంది. కుదరలేదు.

* * *

శుక్రవారం దారంతా సన్నటి వాన. థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు కదా, రోడ్డు మీద కార్లు పలచగా ఉన్నాయి. వైపర్లు ఊగుతుంటే ఎదర కార్ల ఎర్ర దీపాలు చెరిగి, మళ్ళీ పూస్తున్నాయి.

పర్సిస్ వాళ్ళమ్మ కోటులోనే వచ్చింది. ఒళ్ళో ఒక చిన్న డబ్బా. "నువ్వుండలు. అమ్మ కాలం నుంచీ ఎవరింటికెళ్ళినా ఇవే. ఆ తుపాకుల వాళ్ళకి పెట్టడం నాకిష్టం లేదు, నాన్న బలవంతం," అంది. కాసేపు పార్కు వాళ్ళ రూల్స్ మాట్లాడింది. కాసేపు అతని డ్రైవింగ్ మీద విసుక్కుంది. తర్వాత అద్దానికి తల ఆనించి, ఎవరితోనూ కాదన్నట్టు చెప్పింది.

"అమ్మ పోయినప్పట్నుంచి నాన్న రాత్రిళ్ళు తన గది తలుపు మూసుకోరు. మూస్తే లోపల ఒక్కణ్నే అయిపోతానంటారు. హాల్లోంచి నా లైట్ కనబడాలట. అందుకని నేను నిద్రొచ్చినా లైట్ తీయను."

జూడ్ హీటర్ ఆమె వైపు తిప్పాడు. "అరవడం నా తప్పే. కిందకి దిగి మెల్లగా చెప్పుండాల్సింది," అన్నాడు చివరికి.

"దిగేలోగా ఎవరైనా కాల్చుంటే?"

"అదే భయం వేసింది."

"తెలుసు. టోపీ ఇచ్చినప్పుడు నీ చెయ్యి వణుకుతోంది," అంది పర్సిస్. ఎప్పుడు 'నువ్వు'లోకి వచ్చిందో ఆమె గమనించలేదు. అతను గమనించాడు. ఆ తర్వాత ఒక ఎగ్జిట్ దాటిపోయి, వెనక్కి తిరిగి రావలసి వచ్చింది.

వాల్ట్ షెడ్డులో ఒక మూల ట్రాక్టరు, ఒక మూల పొయ్యి, మధ్యలో పొడుగాటి బల్ల. బల్ల చుట్టూ గడ్డాలూ నారింజ టోపీలూ. పర్సిస్ గొంతు సవరించుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. హక్కులు, భద్రత, ట్రెయిల్ అందరిదీ అన్నది. బాగా తయారై వచ్చింది. గడ్డాలు మర్యాదగా విన్నాయి. ఒకాయన మాత్రం, హైకర్లు వదిలేసే కుక్కలు జింకల్ని తరుముతాయని సణిగాడు. ఇంకొకాయన, తన మంచె కింద ఎవరో స్పీకర్ పెట్టి డాన్సు వీడియో తీశారన్నాడు. పర్సిస్ ముఖం ఎర్రబడింది. అది ఆమె గుంపువాళ్ళ పనే.

వాల్ట్ మాత్రం ఆమె మాట వినడం లేదు. ఆమె కోటు చూస్తున్నాడు.

"ఆ కోటు నీకెక్కడిదమ్మాయీ?"

"మా అమ్మది."

"అయితే దానితో ఉండే గులాబీ టోపీ ఏది?"

పర్సిస్ చెయ్యి తనకి తెలియకుండానే కోటు జేబులోకి వెళ్ళింది.

వాల్ట్ తన తీరులో, మాటకీ మాటకీ మధ్య సూపు తాగుతూ చెప్పుకొచ్చాడు. వీళ్ళు ఆ ఊళ్ళో ఉన్న రోజుల్లో, ఓ సీజన్లో ఒక తెల్లారి, మంచులో తెల్లగా ఏదో కదిలింది. బైనాక్యులర్స్ ఎత్తి చూస్తే తెల్లబట్టల ఆడమనిషి, బండ మీద కూర్చుని పాడుతోంది. వెళ్ళి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె అంతా విని, సంచీలోంచి ఒక నువ్వుండ తీసి చేతిలో పెట్టింది. ఏం చేయాలో తోచక తిన్నాడు. మర్నాడు తన మనవరాలి గులాబీ టోపీ పట్టుకెళ్ళి ఇచ్చాడు. ఆ రంగు చూసి ఆమె చాలాసేపు నవ్విందట. నవ్వి, పెట్టుకుంది.

"అప్పటినుంచీ మా కొండకి ఒక పద్ధతి ఏర్పడింది. ఆమె పాట మొదలైతే తుపాకులు దించేస్తాం. పాట అయ్యాకే మళ్ళీ ఎత్తడం. ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు. బండ మీద మాకు నువ్వుండలు పెట్టి వెళ్ళేది. మీరు ఊరు మారాక ఆ పాట లేదు," అన్నాడు వాల్ట్. తర్వాత ముక్కు తుడుచుకున్నాడు. "మొన్న శనివారం మంచులో మళ్ళీ వినబడింది. వయసు మీద పడి చెవులు మోసం చేస్తున్నాయనుకున్నా. అయినా తుపాకి దించా."

"నేనూ దించాను," అన్నాడు కుక్కల గురించి సణిగినాయన, బల్ల వైపు చూస్తూ. "మనలో ఎవరికీ చెప్పలేదు."

జూడ్‌కి ఆ పొద్దుటి నిశ్శబ్దం గుర్తొచ్చింది. కొండ చెవులు రిక్కించిన ఆ కాసేపు.

పర్సిస్ మెల్లగా అతని వైపు తిరిగింది. కళ్ళు నిండుగా ఉన్నాయి, పెదవి మాత్రం నవ్వుకి వంకరపోయింది. తెలుగులో అంది.

"అంటే కొండంతా తుపాకులు దించి కూర్చుంటే, మమ్మల్ని ఆపినవాడివి నువ్వొక్కడివేనన్నమాట!"

"నేను ఇక్కడికి రావడం మొదలెట్టేసరికి మీ అమ్మగారు ఊరు మారిపోయారు! నాకెవరూ చెప్పలేదు!" అని జూడ్ గాభరాగా అన్నాడు. అతని చదువులప్పుడు వాల్ట్ అతన్ని తీసుకెళ్ళిన అడవి వేరు.

ఆమె డబ్బా మూత తీసి బల్ల మధ్యలో పెట్టింది. అంత పెద్ద గడ్డాల వాళ్ళు పిల్లల్లా ఒకరి తర్వాత ఒకరు చెయ్యి చాపారు.

"మీ నాన్నని రేపు తీసుకురా. టోపీ మర్చిపోకు," అన్నాడు వాల్ట్.

* * *

వాన రాత్రికి మంచుగా మారింది. ఇద్దరూ రాత్రికి రాత్రే నేపర్‌విల్ వెళ్ళి, కృపావరాన్నీ టోపీనీ తీసుకుని వచ్చేశారు. తెల్లారేసరికి అడవి కొత్త దుప్పటి కప్పుకుని ఉంది.

బాట మొదట్లో వాల్ట్ నిలబడి ఉన్నాడు, చేతిలో తుపాకి లేకుండా. టోపీ తీసి తల వంచాడు. కృపావరం నారింజ వెస్టు మీద చెయ్యి వేసుకుని నమస్కారం పెట్టాడు. మలుపు దాటితే ఇంకొకాయన. ఆ పై మలుపులో మరొకాయన. జారే చోటల్లా ఒక నారింజ రంగు మనిషి, చెయ్యి అందిస్తూ. ఆ తెల్లటి కొండ మీద ఎవరో దీపాలు పెట్టుకుంటూ వెళ్ళినట్టుంది.

జూడ్ ఒక పక్క కృపావరాన్ని పట్టుకుని నడిపించాడు. ముందు పర్సిస్. తెల్ల చీర, గోధుమ రంగు కోటు, నెత్తి మీద కళ్ళు పోయేంత గులాబీ టోపీ. ఎంత మంచు కురుస్తున్నా ఆమె ఎక్కడుందో తెలియకపోవడమంటూ లేదు.

"అమ్మ ఇది పెట్టుకుని తిరిగిందా? నాకొక్క మాట చెప్పలేదు," అన్నాడు కృపావరం ఆయాసపడుతూ. "నేను పనికి పోతుంటే ఒక్కతే కొండెక్కుతుందని ఎప్పుడూ బెంగగా ఉండేది బాబూ. చూడు, ఇంతమంది కాపలా!"

బండ మీద మంచు దులిపి కూర్చోబెట్టారు. కింద చెరువు బూడిద రంగు పట్టులా ఉంది. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత కూతురి వైపు చూశాడు.

పర్సిస్ పాడింది. కొండ మీద ఎక్కడా చప్పుడు లేదు. పాట సగంలో చెరువు గట్టున ఒక ఆడజింక వచ్చి నిలబడి, చెవులు ఇటు తిప్పి, తొందరేమీ లేనట్టు నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

దిగేటప్పుడు తండ్రిని వాల్ట్ పట్టుకున్నాడు. ఇద్దరు ముసలివాళ్ళూ మోకాళ్ళ గురించి ఎంతో సంతోషంగా మాట్లాడుకుంటూ ముందు నడుస్తున్నారు. వెనక వీళ్ళిద్దరూ.

"నువ్వు జింకల్ని కొట్టడం నాకిప్పటికీ నచ్చదు," అంది పర్సిస్.

"తెలుసు."

"మా అమ్మకీ నచ్చి ఉండదు. అయినా నువ్వుండలు పెట్టింది."

"వచ్చే నవంబరులో కూడా ఈ పాట వినాలనుంది నాకు," అన్నాడు జూడ్, తన బూట్లకి చెప్తున్నట్టు.

"చెట్టు మీదనుంచా, చెట్టు కిందనుంచా?"

"పక్కనుంచి."

ఆమె టోపీ సర్దుకుంది. గులాబీ టోపీ కింద చెవులు కూడా అదే రంగుకి వచ్చాయి.

"గోంగూర తిని రాకూడదు మరి."

"మా అమ్మ వినదు."

"అయితే నాకూ ఒక చపాతీ తీసుకురా."

* * *

నేపర్‌విల్ చేరేసరికి చీకటి పడింది. మంచు ఆగలేదు. కృపావరం పట్టుబట్టి కందిపప్పు పచ్చడి, వేడన్నం పెట్టించాడు. అన్నం తింటూ జూడ్‌ని వాళ్ళమ్మా నాన్నల పేర్లు, ఊరు అడిగాడు. రేపల్లె అని తెలిసి, "మా లూసీ వాళ్ళ మేనత్తది రేపల్లే," అన్నాడు. ఎంతో పెద్ద విషయం తేలిపోయినట్టు మజ్జిగ పోసుకున్నాడు.

పర్సిస్ అర్జీ అట్ట తెచ్చి జూడ్ ముందు పెట్టింది. పాత కాగితం లేదు. వేట మాన్పించమని కాదు, బాట మొదట్లో ఒక పెట్టె పెట్టి అందులో నారింజ వెస్టులూ గులాబీ టోపీలూ ఉంచడానికి అనుమతి ఇమ్మని. వాల్ట్ అప్పటికే మొదట సంతకం చేసి ఉన్నాడు. జూడ్ దాని కింద పెట్టాడు.

"ఈ రోడ్ల మీద ఇప్పుడేం వెళ్తావు బాబూ. జారుతుంది," అన్నాడు కృపావరం. "సోఫా ఉంది, దుప్పట్లున్నాయి. పొద్దున ఆరాధనకి అందరం ఒకే కార్‌లో వెళ్దాం. మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పు. రేపు చర్చి అయ్యాక నేనూ ఆవిడతో మాట్లాడతాను."

"ఏం మాట్లాడతారు నాన్నా?" అంది పర్సిస్ కంగారుగా.

"కూర రెసిపీ అడుగుతానమ్మా. నువ్వే అడగాలన్నావుగా!"

కర్ర ఆనించుకుంటూ ఆయన తన గదిలోకి వెళ్ళాడు. కిటికీ అవతల మంచు దీపస్తంభం చుట్టూ నింపాదిగా తిరుగుతోంది. సోఫాకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చుని, గులాబీ టోపీని ఎవరు అల్లి ఉంటారా అని గుసగుసగా వాదించుకుంటున్నారు. దాని గురించి వాదించడానికి నిజానికి ఏమీ లేదు.

మాటల మధ్య పర్సిస్ ఆగిపోయింది. తండ్రి గది వైపు చూసింది. జూడ్ కూడా అటే చూశాడు.

గది గుమ్మంలో కృపావరం నిలబడి ఉన్నాడు. హాల్లో దీపాన్ని, దాని కింద ఉన్న ఇద్దరినీ ఒకసారి చూసుకున్నాడు. తర్వాత ఎవరికీ నిద్రాభంగం కలగకూడదన్నట్టు, పిడి వదలకుండా పట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు మూసుకున్నాడు.